పోలీసులు లేని కోర్టు మాట ఎవరు వింటారు?

ప్రశ్న: నేను లా చివరి ఏడాదిలో ఉన్నాను. ‘చట్టబద్ధ పాలనకు ప్రాంతీయ మానవ హక్కుల సంస్థలు ఎలా తోడ్పడుతున్నాయి’ అనేది నా సెమినార్ అంశం. యూరప్, అమెరికా ఖండాలు, ఆఫ్రికా... మూడు చోట్ల ఒడంబడికలూ, తేదీలూ, ఆర్టికల్సూ అన్నీ రాసి 12 పేజీలు పట్టుకెళ్తే, మా గైడ్ మేడమ్ చదివి ‘అయితే ఏంటి?’ అని ఒక్క మాట అన్నారు. మా క్లాస్‌మేట్ ఏమో ‘పోలీసుల్లేరు, జైలు లేదు, అవేం కోర్టులు’ అని నవ్వుతున్నాడు. నిజం చెప్పాలంటే నాకూ లోపల అదే అనుమానం. ఇదే అంశాన్ని డిసర్టేషన్‌కి కూడా తీసుకుందామనుకున్నాను. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఒక విద్యార్థిని

సమాధానం: మీ 12 పేజీలు నేను చూడలేదు కానీ ఊహించగలను. 1950 రోమ్, 1969 శాన్ హోసే, 1981 నైరోబీ. ఒడంబడికలు పుట్టిన తేదీలు వరసగా పేర్చుకుంటూ పోతే కేలండర్ తయారవుతుంది, జవాబు తయారవదు. మేడమ్ అడిగింది అదే. మీ క్లాస్‌మేట్ నవ్వును మాత్రం తేలిగ్గా తీసెయ్యకండి. మీ సెమినార్ అక్కడి నుంచే మొదలవ్వాలి.

పోలీసుల్లేరు, ఒప్పుకుందాం. మరి ఏ దేశపు సుప్రీంకోర్టుకైనా తీర్పు అమలు చేయించడానికి సొంత పోలీసులున్నారా? తీర్పు రాసి సంతకం పెట్టేంతవరకే జడ్జి పని. అమలు చేయాల్సింది ప్రభుత్వం. చాలాసార్లు ఆ కేసులో ఓడిపోయింది కూడా ఆ ప్రభుత్వమే. ఓడినవాడే తనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్పును తన చేత్తో అమలు చేయాలి. చట్టాన్ని కర్రలా పట్టుకుని జనాన్ని అదిలించడం ఏ నియంతకైనా చేతనవుతుంది. అదే చట్టం తన వైపు తిరిగినప్పుడు పాలకుడు తల వంచుతాడా లేదా అన్నదే చట్టబద్ధ పాలనకు పరీక్ష. కాబట్టి మీ క్లాస్‌మేట్ ప్రశ్న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు ఎంత వర్తిస్తుందో, మీ ఇంటి పక్క జిల్లా కోర్టుకూ అంతే వర్తిస్తుంది.

ఈ మాట గాల్లోంచి చెప్పడం లేదు. హార్న్స్‌బీ కేసు చదవండి. గ్రీస్‌లోని రోడ్స్ ద్వీపంలో ఇంగ్లిష్ నేర్పే ఒక బ్రిటిష్ దంపతులు సొంతంగా ట్యూషన్ స్కూలు పెట్టుకుంటామని అర్జీ పెట్టారు. గ్రీకు పౌరులకే అనుమతి అంటూ అధికారులు కాదన్నారు. దంపతులు కోర్టుకెక్కారు. 1989లో ఆ దేశపు అత్యున్నత పాలనా న్యాయస్థానం ఆ తిరస్కరణలను కొట్టేసింది. గెలిచాం కదా, ఇక అనుమతి ఇస్తారు అనుకున్నారు. ఇవ్వలేదు. ఐదేళ్లు దాటినా ఫైలు కదల్లేదు. 1997లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఏమందంటే: కోర్టు తీర్పు అమలు కాకుండా కాగితం మీదే ఉండిపోతే, న్యాయ విచారణ హక్కుకు అర్థమే లేదు, అమలు కూడా విచారణలో భాగమే. ట్యూషన్ స్కూలు పర్మిషన్ గొడవలోంచి వచ్చిన సూత్రం ఇది. తర్వాత ఎన్నో దేశాల్లో, తీర్పు గెలిచి డబ్బు రాని పెన్షనర్లూ, కార్మికులూ దీన్నే పట్టుకున్నారు. చెర్నోబిల్ ప్రమాదం తర్వాత శుభ్రం చేసే పనికి వెళ్లి ఆరోగ్యం పాడైన ఒక రష్యన్ కార్మికుడు, తన దేశపు కోర్టులు ఇమ్మన్న పరిహారం కోసం స్ట్రాస్‌బర్గ్‌కు వెళ్లింది ఈ సూత్రం మీదే. ఒకసారి కాదు, రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే గోల్డర్ కేసు. బ్రిటన్‌లో ఒక ఖైదీ. జైల్లో జరిగిన గొడవలో ఒక గార్డు తన మీద తప్పుగా చెప్పాడని దావా వేయాలనుకున్నాడు. అందుకు లాయరును కలుస్తానంటే హోం మంత్రి అనుమతి ఇవ్వలేదు. యూరోపియన్ ఒడంబడికలోని ఆర్టికల్ 6 న్యాయమైన విచారణ గురించి చెబుతుంది కానీ, ‘కోర్టుకు వెళ్లే హక్కు’ అనే మాట అందులో ఎక్కడా లేదు. 1975లో కోర్టు ఆ మాటను ఎక్కడి నుంచి తెచ్చిందనుకున్నారు? ఒడంబడిక పీఠికలో ఉన్న ‘చట్టబద్ధ పాలన’ అనే పదం నుంచి. కోర్టు గుమ్మం దాకా వెళ్లనివ్వకుండా లోపల విచారణ ఎంత న్యాయంగా ఉంటుందో వర్ణించి ఏం లాభం అన్నది దాని తర్కం. పీఠికల్ని పరీక్షలకు బట్టీ పట్టి వదిలేస్తాం. ఒక ఖైదీ చేతిలో పీఠిక ఆయుధం అయింది. (పరీక్షకు ఒక్కటే కేసు గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.)

ఇప్పుడు ‘అయితే ఏంటి’కి వద్దాం. నా లెక్కలో జవాబు ఇది: ప్రాంతీయ సంస్థలు పాలకుడిని నేరుగా లొంగదీయవు, ఆ శక్తి వాటికి లేదు. ఆ దేశంలోనే ఉన్న జడ్జికీ, లాయరుకూ, ఒక్కోసారి ఒక మంచి అధికారికీ, పట్టుకుని నిలబడటానికి ఒక ఆసరా ఇస్తాయి. పట్టుకునే చేతులు లోపల ఉంటే తీర్పు పనిచేస్తుంది, లేకపోతే లేదు. మీ 12 పేజీల్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరిగి రాయండి.

దీనికి పెరూను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. 1991 నవంబరులో లిమా నగరంలోని బారియోస్ ఆల్టోస్ అనే పేటలో ఒక ఇంట్లో విందు జరుగుతుంటే, సైన్యానికి చెందిన రహస్య దళం లోపలికి చొరబడి 15 మందిని కాల్చి చంపింది. కొన్నేళ్లకు ఒక మహిళా జడ్జి దర్యాప్తు మొదలుపెట్టారు. వెంటనే 1995లో పార్లమెంటు సైనికులకు, పోలీసులకు క్షమాభిక్ష ఇస్తూ చట్టం చేసింది. ఆ జడ్జి, ఈ చట్టం రాజ్యాంగానికీ అమెరికా ఖండాల మానవ హక్కుల ఒడంబడికకూ విరుద్ధం, నేను వర్తింపజేయను అన్నారు. అప్పుడు పార్లమెంటు ఏం చేసిందో చూడండి: క్షమాభిక్ష చట్టాన్ని ఏ జడ్జీ సమీక్షించడానికి వీల్లేదని రెండో చట్టం చేసింది! అంతా చట్టప్రకారమే. ఓట్లు వేసి, గెజిట్‌లో అచ్చువేసి మరీ చట్టబద్ధ పాలన గొంతు నొక్కారు. పై కోర్టు కూడా తలూపింది, కేసు మూతపడింది.

2001 మార్చిలో ఇంటర్-అమెరికన్ మానవ హక్కుల కోర్టు (కోస్టారికా రాజధాని శాన్ హోసేలో ఉంటుంది), ఇలాంటి క్షమాభిక్ష చట్టాలు చెల్లవని, వాటికి చట్టపరంగా ఏ విలువా లేదని తేల్చింది. అప్పటికి అధ్యక్షుడు ఫుజిమోరి జపాన్‌కు పారిపోయాడు, కొత్త ప్రభుత్వం వచ్చింది, ఆ తీర్పును పట్టుకునే చేతులు దొరికాయి. కేసులు తిరిగి తెరిచారు. ఫుజిమోరి చిలీకి వస్తే, చిలీ సుప్రీంకోర్టు 2007లో అతన్ని పెరూకు అప్పగించింది. 2009లో పెరూ జడ్జీలే ఈ హత్యలు సహా పలు నేరాలకు అతనికి 25 ఏళ్ల శిక్ష వేశారు. శిక్ష వేసింది శాన్ హోసేలోని కోర్టు కాదని గమనించండి. వేసే అధికారం కూడా దానికి లేదు, అది క్రిమినల్ కోర్టు కాదు. 1995లో ఆ జడ్జి ఒంటరిగా అన్న మాట తప్పు కాదని అది చెప్పింది, అంతే. కథ అక్కడ సుఖంగా ముగిసిందని మాత్రం రాయకండి. 2023 డిసెంబరులో ఆ కోర్టు వద్దంటున్నా పెరూ అతన్ని విడుదల చేసింది.

అదే పెరూలో ఇంకో సంగతి. ఫుజిమోరి మూడోసారి పోటీ చేయడం కుదరదన్న ముగ్గురు రాజ్యాంగ న్యాయస్థానం జడ్జీలను 1997లో పదవి నుంచి తీసేశారు. వాళ్లు ప్రాంతీయ సంస్థను ఆశ్రయించేసరికి, 1999లో పెరూ ‘ఆ కోర్టు పరిధి నుంచే తప్పుకుంటున్నాం’ అని ప్రకటించింది. ఆట మధ్యలో ఓడిపోతున్నానని బ్యాటు పట్టుకుని ఇంటికి పోతే కుదరదని కోర్టు అంది. ఈ పోలిక నాది, భాష కోర్టుది కాదు, సెమినార్‌లో వాడి ఇరుక్కోకండి. 2000 నవంబరులో ఫుజిమోరి పాలన కూలిపోతున్నప్పుడు ఆ ముగ్గురూ మళ్లీ పదవుల్లోకి వచ్చారు.

అంత నెత్తురు, అంత రాజకీయం లేని కేసు కూడా ఒకటి కావాలి మీకు, లేకపోతే ఇవన్నీ నియంతల దేశాల గొడవలే అనిపిస్తుంది. ఐస్‌లాండ్ తీసుకోండి. అక్కడ కొత్తగా అప్పీలు కోర్టు పెట్టి 15 మంది జడ్జీలను నియమించారు. నిపుణుల కమిటీ ఇచ్చిన జాబితాలో నలుగురిని న్యాయశాఖ మంత్రి పక్కనపెట్టి, తనకు నచ్చిన నలుగురిని చేర్చారు. లైసెన్సు లేకుండా, మత్తులో బండి నడిపి దొరికిన ఒకతను, ‘నా అప్పీలు విన్న జడ్జి నియామకమే చట్టప్రకారం జరగలేదు, కాబట్టి అది కోర్టే కాదు’ అని స్ట్రాస్‌బర్గ్‌కు వెళ్లాడు. 2019లో మొదటి తీర్పు అతని వైపు వచ్చింది. ఆ వారంలోనే మంత్రి రాజీనామా చేశారు. 2020 డిసెంబరులో ఆ కోర్టులోనే పెద్ద ధర్మాసనమైన గ్రాండ్ ఛాంబర్ కూడా అదే తేల్చింది. అతనికి నష్టపరిహారం కింద ఒక్క పైసా రాలేదు. కానీ జడ్జీలను నియమించే పద్ధతి కూడా పౌరుడి హక్కుల్లో భాగమే అన్న సూత్రం స్థిరపడింది. పోలెండ్‌లో జడ్జీల నియామకాలను ప్రభుత్వం గుప్పిట్లో పెట్టుకున్నప్పుడు, 2021 నుంచి వరసగా వచ్చిన తీర్పులకు పునాది ఇదే. మత్తులో బండి నడిపినవాడి కేసు అలా ఇంకో దేశపు న్యాయవ్యవస్థ దాకా పోయింది.

ఆఫ్రికా గురించి మీరు బహుశా ఒక పేరాలో ముగించి ఉంటారు. అందరూ అదే చేస్తారు. హదిజాతు మానీ కేసు చదివాక ఆ పేరా మీకే చిన్నదనిపిస్తుంది. నైజర్ దేశం. 12 ఏళ్ల పిల్లను ఒక వ్యక్తికి అమ్మేశారు. దాదాపు తొమ్మిదేళ్లు అతని ఇంట్లో, పొలంలో బానిసగా బతికింది. 2003లోనే నైజర్ బానిసత్వాన్ని నేరంగా ప్రకటించింది, పుస్తకంలో చట్టం బ్రహ్మాండంగా ఉంది. 2005లో విడుదల పత్రం చేతికొచ్చింది. ఆమె బయటికొచ్చి ఇష్టపడ్డవాణ్ని పెళ్లి చేసుకుంటే, పాత యజమాని ‘అది నా భార్య’ అన్నాడు. కోర్టు అతని మాట పట్టుకుని, రెండో పెళ్లి నేరం కింద ఆమెనే జైల్లో పెట్టింది! పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్‌కు ఒక కోర్టుంది, 2005 నుంచి మానవ హక్కుల కేసులు కూడా వింటోంది. స్వదేశంలో అన్ని మెట్లూ ఎక్కాకే రావాలన్న షరతు దానికి లేదు. 2008లో ఆ కోర్టు, బానిసత్వం నుంచి ఆమెను కాపాడటంలో దేశం విఫలమైందని తేల్చి, కోటి సీఎఫ్ఏ ఫ్రాంకులు ఇమ్మంది. నైజర్ ఇచ్చింది కూడా. తర్వాతి సంగతి చేదుగా ఉంటుంది, అయినా రాయాలి: 2025 జనవరిలో నైజర్ ఎకోవాస్ నుంచే బయటికి వెళ్లిపోయింది.

ఇక్కడొక చిక్కు గమనించండి. స్ట్రాస్‌బర్గ్, శాన్ హోసే కోర్టులూ, అరూషాలోని ఆఫ్రికన్ మానవ హక్కుల కోర్టూ ‘ముందు మీ దేశంలో దారులన్నీ వెతికి రండి’ అంటాయి. బాధితుడికి ఇది అన్యాయంగా కనిపిస్తుంది. ఏళ్లకేళ్లు తిరిగి అలిసిపోయినవాణ్ని మళ్లీ వెనక్కి పంపడం లాంటిది. కానీ ఈ నియమం వల్లే దేశాలు సొంత ఇంట్లో దారులు వేసుకోవాల్సి వస్తుంది. ఇటలీలో కేసులు ఏళ్ల తరబడి నానుతున్నాయని స్ట్రాస్‌బర్గ్‌కు ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 2001లో ఇటలీ పింటో చట్టం అని ఒకటి తెచ్చింది: విచారణ ఆలస్యమైతే దేశంలోనే పరిహారం అడగొచ్చు. బాగుంది కదా? కొన్నేళ్లకు ఆ ఆలస్యం పరిహారమే ఆలస్యం అవుతోందని మళ్లీ స్ట్రాస్‌బర్గ్‌కు ఫిర్యాదులు వెళ్లాయి. ఇది చదివి నేను నవ్వాను. తర్వాత, ఏళ్లుగా వాయిదాలు తిరుగుతున్న వాళ్లెవరో గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

కోర్టులే కాదు, కమిషన్లూ, సలహా సంఘాలూ ఉన్నాయి, వాటికీ చోటివ్వండి. 1979 సెప్టెంబరులో ఇంటర్-అమెరికన్ కమిషన్ సైనిక పాలనలో ఉన్న అర్జెంటీనాకు వెళ్తే, మాయమైపోయిన తమవాళ్ల వివరాలు చెప్పుకోవడానికి బ్యూనస్ ఐరిస్ వీధిలో జనం బారులు తీరారు. ఆ దేశంలో ఫిర్యాదు తీసుకునే బల్ల ఒకటి కనిపించడమే అప్పట్లో పెద్ద సంగతి. యూరప్‌లో 1990లో పుట్టిన వెనిస్ కమిషన్, ఏ దేశమైనా రాజ్యాంగం మార్చబోతున్నా, కోర్టుల చట్టం మార్చబోతున్నా, అడిగితే ముసాయిదా చూసి అభిప్రాయం చెబుతుంది. తీర్పు జబ్బు వచ్చాక మందైతే, ఇది ముందుచూపు. కానీ సలహా సలహాయే, వినేవాడికే పనికొస్తుంది. ఆగ్నేయాసియా దేశాల కమిషన్ 2009లో మొదలైంది. ఏకాభిప్రాయం ఉంటేనే మాట్లాడుతుంది, దేశం మీద ఫిర్యాదును విచారించి తీర్పు చెప్పే అధికారం దానికి లేదు. దక్షిణాసియాకైతే అలాంటిదీ లేదు. సార్క్ చార్టరే వివాదాస్పద విషయాలను చర్చలోంచి పక్కన పెట్టేసింది. ఈ భాగం రెండు వాక్యాల్లో సరిపెట్టండి, లేని దాని గురించి పేజీలు వద్దు.

వైఫల్యాల గురించి మాత్రం మొహమాటపడొద్దు. మీ క్లాస్‌మేట్ ఎలాగూ అడుగుతాడు, అతనికన్నా ముందు మీరే చెప్పండి. జింబాబ్వేలో భూముల స్వాధీనం జాతి వివక్షతో జరిగిందని దక్షిణ ఆఫ్రికా ప్రాంత దేశాల కూటమి ట్రిబ్యునల్ 2008లో తీర్పిచ్చింది. జింబాబ్వే లెక్కచేయలేదు. కూటమి దేశాధినేతలు జింబాబ్వేను మందలిస్తారనుకుంటే, 2010లో ట్రిబ్యునల్‌నే ఆపేశారు. 2012లో వ్యక్తులు వేసే కేసులు దాని పరిధిలో ఇక ఉండవని తేల్చేశారు. అరూషాలోని ఆఫ్రికన్ కోర్టుకు పౌరులు నేరుగా వెళ్లాలంటే వాళ్ల దేశం ప్రత్యేకంగా ఒప్పుకోవాలి. ఒప్పుకున్న కొద్ది దేశాల్లోంచి రువాండా 2016లో, టాంజానియా 2019లో, బెనిన్, ఐవరీ కోస్ట్ 2020లో వెనక్కి తగ్గాయి. ఆ కోర్టు ఉన్న అరూషా టాంజానియాలోనే ఉందని గుర్తుంచుకోండి. ఇంటి ఓనరే మాట వినడం మానేసినట్టు. తుర్కియేలో జైల్లో ఉన్న పౌర హక్కుల కార్యకర్త ఉస్మాన్ కవాలాను విడుదల చేయమని స్ట్రాస్‌బర్గ్ 2019లో చెప్పింది. 2022 ఏప్రిల్‌లో అక్కడి కోర్టు అతనికి జీవితఖైదు వేసింది. అదే జూలైలో గ్రాండ్ ఛాంబర్ తీర్పు ధిక్కరించారని తేల్చింది. అంతకుమించి ఏం చేయగలదు? ఈ కోర్టు వెనకున్న దేశాల కూటమి, యూరప్ మండలి (కౌన్సిల్ ఆఫ్ యూరప్), ఆ దేశపు సభ్యత్వం తీసేయడం ఒక్కటే మిగులుతుంది, తీసేస్తే ఆ దేశ పౌరులందరికీ తలుపు మూసినట్టే. 2022లో రష్యాను బయటికి పంపాక జరిగింది అదే.

కానీ జింబాబ్వే కేసు విన్న ఆ ట్రిబ్యునల్ కథకు ఒక తోక ఉంది, చాలామంది రాయరు. దక్షిణాఫ్రికా లాయర్ల సంఘం తన దేశపు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. ట్రిబ్యునల్ తలుపులు మూయడంలో మా అధ్యక్షుడు పాలుపంచుకోవడం రాజ్యాంగ విరుద్ధమని వాదించింది. 2018లో కోర్టు అవునంది. ప్రాంతీయ కోర్టు చనిపోయింది, దాని తరఫున మాట్లాడింది స్వదేశపు కోర్టు. ఆసరా ఇవ్వడం రెండు వైపులా జరుగుతుందన్నమాట. నాకు తెలిసి ఈ విషయం మీద రాయడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

డిసర్టేషన్ సంగతి. తీసుకోండి, కానీ ఈ శీర్షికతో వద్దు. మూడు ఖండాలు పెట్టుకుంటే మళ్లీ కేలండరే అవుతుంది. ఒక దేశం, ఒక తీర్పు పట్టుకుని, తీర్పు వచ్చిన రోజు నుంచి పదేళ్ల పాటు ఏం జరిగిందో వెంటపడండి: చట్టం మారిందా, బాధితుడికి డబ్బు అందిందా, కింది కోర్టు జడ్జి ఎవరైనా ఆ తీర్పును తన ఉత్తర్వులో ఉదహరించారా. ఈ మూడో ప్రశ్న అసలైంది, వెతకడం కష్టమైందీ అదే. స్ట్రాస్‌బర్గ్ తీర్పులన్నీ హ్యూడాక్ అనే డేటాబేస్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటి అమలును యూరప్ మండలి మంత్రుల కమిటీ ఎలా పర్యవేక్షిస్తోందో వేరేగా చూడొచ్చు. శాన్ హోసే కోర్టయితే తన తీర్పుల అమలును తనే గమనిస్తూ ఉత్తర్వులిస్తుంది. అవి చదివితే ఏ దేశం ఎక్కడ బుకాయిస్తోందో పూసగుచ్చినట్టు తెలుస్తుంది. వాటిలో చాలా వరకు స్పానిష్‌లోనే ఉంటాయి. మీకు స్పానిష్ రాకపోతే పెరూ మీద మోజు పడకుండా, ఐస్‌లాండో గ్రీసో ఎంచుకోవడం మేలు. సెమినార్‌కు మాత్రం ఆ 12 పేజీలు పక్కన పెట్టి, రోడ్స్ ద్వీపంలో ట్యూషన్ స్కూలు పర్మిషన్ దగ్గర మొదలుపెట్టండి.